కదలని భూమి తరఫున

రోక్కామెల్లా ఊరి బడిపంతులు సెత్తిమియోకి వాదన అంటే ప్రాణం. బజార్లో ఉప్పుచేపలు బేరం చేస్తున్నా సరే, ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందా అని వెతికే రకం. ఊరి పెద్దలు ఏటేటా సమావేశమై ఈ పంతుల్ని ఇంకో ఏడాది ఉంచుకుందామా వద్దా అని తేల్చేవాళ్లు. ఏటేటా ఉంచుకునేవాళ్లు. లాటిన్ బాగా చెబుతాడు, పిల్లల్ని గొడ్డుని బాదినట్టు బాదడు, నలుగురిలో నిలబడి మాట్లాడమంటే వెనకాడడు. అంతకన్నా ఏం కావాలి. పెళ్లి చేసుకోలేదు. మొగుడు పోయిన అక్క దొరాలీచె వచ్చి ఆయన దగ్గరే ఉండిపోయింది. వండిపెడుతూ, సణుగుతూ ఇల్లు నడిపేది.

ఆయనకి దొరికిన జోడీ మందుల దుకాణం ఎర్కోలె. ఆ ఊళ్లో మగవాళ్ల సాయంత్రాలన్నీ ఎర్కోలె దుకాణంలోనే గడిచేవి అనాలి. గోడ పొడుగునా బొమ్మలు వేసిన పింగాణీ జాడీలు, తలుపు పక్కన ఒక పొడవాటి బల్ల, చలికాలమైతే మధ్యలో నిప్పుల కుంపటి. మందు కొన్నా కొనకపోయినా వచ్చి కూర్చోవచ్చు. ఎర్కోలె బొద్దుగా ఉండేవాడు. మాట నెమ్మది. చెప్పదలచుకున్నదంతా తలలో పేర్చుకుంటే గానీ నోరు విప్పేవాడు కాదు. ఆదివారం పూజ ఏనాడూ తప్పించలేదు. చేసిన పాపాలు పాదరీ ముందు ఒప్పుకునే పాప సంకీర్తనానికి వెళ్తే ఆ పాదరీ గారికే విసుగు పుట్టేదట, అంత చిన్న చిన్న తప్పులు కూడా గుర్తుపెట్టుకుని చెప్పేవాడు.

ఒక వేసవిలో ఎర్కోలె దినుసులు కొనడానికి వెనిస్ వెళ్లి, రేవల్చిన్ని, కర్పూరంతో పాటు ఒక దుర్భిణీ గొట్టం కూడా మోసుకొచ్చాడు. అంతకన్నా బరువైంది ఇంకొకటి తెచ్చాడు. అది తలలో ఉంది.

"విన్నావా సెత్తిమియో, సూర్యుడు ఒకచోటే ఉంటాడట. మనమే తిరుగుతున్నామట," అన్నాడు, కల్వంలో ఏదో నూరుతూ.

"మనం అంటే ఎవరు? నువ్వూ నేనూనా?"

"నువ్వూ, నేనూ, ఈ దుకాణం, ఊరి పెద్ద గారి గాడిదా. అందరమూ."

"గాడిదకి చెప్పకు. ఎలాగూ వెళ్తూనే ఉన్నాను కదా అని నడవడం మానేస్తుంది."

బల్ల మీదున్నవాళ్లు నవ్వారు. ఎర్కోలె కూడా నవ్వాడు. అలా మొదలైంది.

మర్నాడు సెత్తిమియో సిద్ధమై వచ్చాడు. "నువ్వన్నట్టు భూమి అంత జోరుగా పరిగెడుతుంటే, గోడ మీంచి దూకిన కోడి పక్కింటి పెరట్లో పడాలి. పడుతోందా?"

ఎర్కోలె నూరుతున్న కల్వం పక్కకి పెట్టాడు. ఆ తర్వాత, "మొన్న పడవలో వస్తూ పానకం ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంచాను," అన్నాడు. "పడవ వెళ్తూనే ఉంది. ఒక్క చుక్క కింద పడలేదు. సీసా, పానకం, నేను, అందరం కలిసే వెళ్తున్నాం మరి. నీ కోడీ అంతే."

"పడవ కుదిపితే తెలుస్తుంది. నీ భూమి కుదపదేం?"

"దేవుడు నీలాగా పడవ నడపడు కాబట్టి."

లోపల్నుంచి ఎర్కోలె భార్య జినేవ్రా అందుకునేది. "ఏది తిరిగితే నాకేం. నీళ్ల కడవ మాత్రం బావి దగ్గర్నుంచి తనంతట తను తిరిగి రావట్లేదు. వాదన అయ్యాక ఎవరో ఒకరు లేవండి."

సెత్తిమియో దగ్గర ఒక గట్టి వాదన ఉండేది. దానికి ఎర్కోలె ఎప్పుడూ సరైన జవాబు చెప్పలేకపోయాడు. భూమి సూర్యుడి చుట్టూ అంత పెద్ద చుట్టు చుడుతుంటే, ఈ వైపు నుంచి చూసినప్పుడూ ఆ వైపు నుంచి చూసినప్పుడూ నక్షత్రాల మధ్య దూరాల్లో కొంచెమైనా తేడా కనపడాలి కదా. కనపడదు. "అవి మనం అనుకునేదానికన్నా చాలా దూరంలో ఉన్నాయి," అనేవాడు ఎర్కోలె. "అయితే మధ్యలో అంత మేరా ఏముంది? ఏమీ లేదా? దేవుడు ఇల్లు కట్టుకుని గదులన్నీ ఖాళీగా వదిలేశాడా?" అనేవాడు సెత్తిమియో. ఎర్కోలె తల గోక్కునేవాడు. "అదే నాకూ భయంగా ఉంటుంది," అని ఒప్పుకునేవాడు. అలా ఒప్పుకోవడం సెత్తిమియోకి చేతకాదు. ఎర్కోలెలో ఆయనకి నచ్చేదీ, కోపం తెప్పించేదీ అదే.

కొన్నాళ్లకి రోము నుంచి కట్టడి వచ్చింది. భూమి తిరగడం నిజమని చెప్పకూడదు, లెక్కల వీలు కోసం అలా అనుకుంటే అభ్యంతరం లేదు. అప్పట్నుంచీ ఎర్కోలె ప్రతి వాదనకీ ముందు "అనుకుందాం" అని తగిలించేవాడు. బల్ల మీద జనానికి అదొక వేళాకోళమైంది. "అనుకుందాం, ఈ విరేచనాల మందు పనిచేస్తుందని" అంటూ మందు పుచ్చుకుని వెళ్లేవాళ్లు. ఎవరూ భయపడలేదు. రోము చాలా దూరం.

ఒక కార్నివాల్ పండక్కి ఊరి పెద్దలు ఈ ఇద్దరి వాదన నలుగురి ముందూ పెట్టించారు. సభ కిక్కిరిసింది. ఎర్కోలె లేచి, తలలో పేర్చుకున్నదంతా ఒక వరసలో చెప్పడం మొదలుపెట్టాడు. జనం ఆవులించారు. సెత్తిమియో వంతు వచ్చింది. ఆయన వాదనేమీ చెయ్యలేదు. అప్పటికే కొంచెం తాగి ఉన్న దర్జీని ముందుకు పిలిచి, గుండ్రంగా తిరగమన్నాడు. దర్జీ నాలుగు చుట్లు తిరిగి ఊరి పెద్ద గారి భార్య ఒళ్లో పడ్డాడు. "ఈ కాస్తకే ఈయన గతి ఇది. ఆదాము నాటి నుంచీ తిరుగుతున్నవాళ్లం మనం ఎలా నిలబడ్డామంటారు?" అన్నాడు సెత్తిమియో. పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని వీధుల్లో తిప్పారు. ఊరు దాటి కూడా పేరు వెళ్లింది, కదలని భూమి పంతులని.

తను చేసింది వాదన కాదని సెత్తిమియోకి తెలుసు.

ఎర్కోలె ఏమీ అనుకోలేదు. "నువ్వు గెలిచావు, కాదనను. ఒక్కసారి మా మేడెక్కు," అన్నాడు కొన్ని వారాల తర్వాత. సూర్యుడు అప్పుడే కొండ వెనక్కి వెళ్లాడు. పడమట శుక్రుడు వెలుగుతున్నాడు. గొట్టం కంటికి పెట్టుకున్న సెత్తిమియోకి చుక్క కనపడలేదు. సన్నటి కొడవలి కనిపించింది, నెలవంకలాగా.

"శరదృతువులో చూపించాను, గుర్తుందా?" అన్నాడు ఎర్కోలె, మెల్లగా. "అప్పుడు చిన్నదిగా, నిండు గుండ్రంగా ఉంది. ఇప్పుడు పెద్దదై, ఇలా సన్నబడింది. అది భూమి చుట్టూ తిరిగేదైతే, పాత లెక్క ప్రకారం, నిండుగా ఎప్పటికీ కనపడకూడదు. అది సూర్యుడి చుట్టూ తిరుగుతోంది సెత్తిమియో. ఒకటి తిరిగితే మనం తిరగడంలో వింతేముంది?"

సెత్తిమియో కన్ను తియ్యలేదు. మసక చీకటి పడేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత గొట్టం కింద పెట్టి, "గాజుకి మసి పట్టింది. ఆ వెనిస్ వాడు నీ నెత్తిన టోపీ పెట్టాడు," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అక్క పెట్టిన చిక్కుడుగింజల పులుసు ముందు కూర్చుని ముట్టుకోలేదు. దొరాలీచె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. ఎర్కోలె చెప్పిందే నిజమని ఆ పూటే ఆయనకి తెలిసిపోయింది. ఆ సంగతి వెళ్లి చెప్పడానికి మాత్రం కాళ్లు రాలేదు. ఊరంతా భుజాల మీద మోసిన పంతులు, దర్జీని తిప్పి నవ్వించిన పంతులు, తప్పయిందని ఎలా అనడం? అదీగాక, ఒప్పేసుకుంటే రేపట్నుంచి ఆ బల్ల మీద కూర్చుని ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలి? మర్నాడు మామూలుగానే వెళ్లి, మామూలుగానే కదలని భూమి పక్షాన వాదించాడు. ఆ మర్నాడూ అంతే. అలా ఏళ్లు గడిచిపోయాయి. లోపల నమ్మకం ముదిరేకొద్దీ పైకి వాదన ఇంకా పదునెక్కింది. ఎర్కోలె తలలో ఉన్న జవాబులు రాబట్టాలని తనే కొత్త కొత్త అభ్యంతరాలు వెతికి తీసుకెళ్లేవాడు.

ప్లేగు మహమ్మారి వచ్చిన ఏడాది దొరాలీచెకి చంకలో గడ్డ లేచింది. కాపలావాళ్లు వచ్చి ఇంటి తలుపుకి పలకలు అడ్డం కొట్టేశారు. అక్క పక్కగదిలో మూలుగుతుంటే, సెత్తిమియో కిటికీ దగ్గర చావు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆ సందు అవతల ఇల్లు ఎర్కోలె వదినగారిది. ఆ ఇంటి మేడ మీదకి ఎర్కోలె రోజూ సాయంత్రం వచ్చి నిలబడేవాడు. అంటు సోకకుండా మూతికి పుల్లటి సిర్కాలో తడిపిన గుడ్డ.

"ఏమయ్యా కదలని పంతులూ, ఇవాళ నీ భూమి ఏమంటోంది?"

"ఇవాళ వాదించే ఓపిక లేదు, పో."

"అయితే ఓడిపోయినట్టే. ఊరికి చాటింపు వేయించనా?"

అంతే, సెత్తిమియో లేచి కిటికీ చట్రం పట్టుకునేవాడు. సందులో వాళ్లందరూ కిటికీలు తెరుచుకుని వినేవాళ్లు. చచ్చేవాళ్లు చస్తుంటే ఈ ఇద్దరూ సూర్యుడి గురించి కేకలేసుకోవడం వింతగానూ ఉండేది, ఏదో ధైర్యంగానూ ఉండేది. ఆ కేకల్లో ఎర్కోలె "అనుకుందాం" అనడం ఎప్పుడో మర్చిపోయాడు. గడ్డ పగిలి దొరాలీచె బతికింది. పలకలు ఊడదీసిన రోజున సెత్తిమియో వీధిలోకి వచ్చి ఎర్కోలెని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడైనా చెబుదామనుకున్నాడు. చుట్టూ జనం ఉన్నారు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

పదహారు వందల ముప్ఫై మూడులో భూమి తిరుగుతుందని పుస్తకం రాసిన ఫ్లోరెన్స్ పెద్దాయన చేత రోములో మోకాళ్ల మీద నిలబెట్టి తప్పొప్పుకోలు చదివించారని కబురొచ్చింది. ఆ తీర్పు ఊరూరా చదివి వినిపించమన్నారు. రోక్కామెల్లా చర్చిలోనూ చదివారు. ఆ ఏడు ఆకులు రాలే కాలంలోనే పట్నం నుంచి మతం తప్పినవాళ్లని పట్టి శిక్షించే విచారణ పాదరీ తాలూకు మనుషులొచ్చి ఎర్కోలెని తీసుకెళ్లారు. ఎవరు చెప్పారో ఎప్పటికీ తెలియలేదు. చెప్పడానికి ఒక సందు సందంతా విన్నది.

సెత్తిమియోని సాక్షిగా పిలిచారు. గాడిద మీద పట్నం వెళ్తూ దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఇదొక సరదా కాలక్షేపమని చెప్పాలి. తను పక్కనే ఉండి ప్రతిసారీ ఖండించానని చెప్పాలి. ఎర్కోలె మాటల వల్ల ఒక్క మనిషి కూడా చెడిపోలేదని చెప్పాలి. జీవితంలో ఏ వాదనకీ అంత శ్రద్ధగా సిద్ధం కాలేదు.

విచారణ పాదరీ పెద్దాయన, మర్యాదస్తుడు. కూర్చోమని కుర్చీ చూపించాడు. పక్కన రాతగాడు కలం ముంచి పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీ పేరు విన్నాం. ఈ ఎర్కోలె భూమి తిరుగుతుందని మీ ముందు అన్నాడా?"

"అన్నాడు ఫాదర్. నన్ను రెచ్చగొట్టడానికి అనేవాడు. నేను అక్కడికక్కడే తిప్పికొట్టేవాణ్ని."

"బాగా తిప్పికొట్టేవారా?"

"ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు. గ్రంథం నుంచి చెప్పాను, పెద్దల లెక్కల నుంచి చెప్పాను, నక్షత్రాల నుంచి చెప్పాను. చాలావాటికి ఆయన దగ్గర జవాబే లేదు. ఊరంతా సాక్ష్యం. ఆయన మాట ఎవరూ నమ్మలేదు ఫాదర్, ఆయన వల్ల ఎవరికీ హాని లేదు."

"జవాబు లేదని తనే ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. చాలా నిజాయితీ గల మనిషి."

"మీరిలా సరిదిద్దడం ఎంతకాలంగా సాగుతోంది?"

సెత్తిమియో ఉత్సాహంగా అన్నాడు. "ఇరవై ఏళ్లుగా ఫాదర్. చిన్న స్నేహం కాదు మాది."

కలం చప్పుడు ఆగింది. పాదరీ చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు.

"తెలియక తప్పు మాట్లాడినవాడికి తెలియజెబితే సరిపోతుంది. మీలాంటి పండితుడు ఇరవై ఏళ్లు విప్పి చెప్పాక, జవాబు లేదని తనే ఒప్పుకున్నాక కూడా అదే పట్టుకుని కూర్చున్నవాణ్ని తెలియనివాడు అనలేం మాస్టారూ. మాకు తేలనిది ఆ ఒక్క ముక్కే. మీరు తేల్చారు."

ఎర్కోలె తప్పేమీ లేదు, అతని వాదనకి నేను లోపల ఎప్పుడో లొంగిపోయాను, నా జవాబులన్నీ ఉత్త నోటి మాటలు అని చెబితే ఆ ఇరవై ఏళ్ల సరిదిద్దడం అక్కడికక్కడే కూలిపోతుంది. సెత్తిమియో నోరు తెరిచాడు. రాతగాడు కలం ముంచి ఎదురుచూశాడు. గోడవతల ఎవరో తలుపు గడియ వేసిన చప్పుడైంది.

"ఇంకేమైనా చెప్పాలా?"

"లేదు ఫాదర్," అన్నాడు. సంతకం పెట్టి బయటికొచ్చాడు.

ఎర్కోలెని చంపలేదు, కాల్చలేదు. చలికాలమంతా పట్నంలో ఉంచి, ఈస్టర్ ముందు ఊరికి తీసుకొచ్చారు. బొద్దు మనిషి సగమయ్యాడు. చర్చిలో అందరి ముందూ మోకాళ్ల మీద నిలబెట్టి, చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చి చదవమన్నారు. ఎప్పటిలాగే నెమ్మదిగా, ఒక్కో మాటా పేర్చి చదివాడు. భూమి మధ్యలో ఉందనీ, కదలదనీ, తను ఇన్నాళ్లూ అన్నది అసహ్యించుకుంటున్నాననీ. ఇకమీదట ఎవరి నోటైనా ఆ మాట వింటే వాళ్ల పేరు విచారణ పాదరీకి తెలియజేస్తాననీ. సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. మొదటి వరసలో, ఊరి పెద్ద గారి పక్కన, సెత్తిమియోకి కుర్చీ వేశారు. అంతసేపూ ఆయన తన మోకాళ్లనే చూసుకుంటూ ఉండిపోయాడు.

దుకాణం తెరవనిచ్చారు గానీ, కూర్చునే బల్ల తీయించేశారు. దుర్భిణి పట్నంలోనే ఉండిపోయింది. జనం మందు పుచ్చుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. సెత్తిమియో ఆ వీధి వదిలేసి చుట్టుదారిన బడికి వెళ్లేవాడు. వేసవి వచ్చింది, సగం పోయింది. చివరికి ఒక మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని ఎండ వేళ, దుకాణం మెట్టెక్కాడు.

ఎర్కోలె తలెత్తి చూశాడు. "రండి మాస్టారు గారూ. ఏం కావాలి మీకు?"

ఇరవై ఏళ్లలో ఎర్కోలె ఆయన్ని ఏనాడూ 'మీరు' అనలేదు.

"ఎర్కోలె, తిట్టు. ఏదో ఒకటి అను."

"కడుపులో మంటా? సోంపు చూర్ణం ఇస్తాను."

సెత్తిమియో గల్లా మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగాడు. "తిరుగుతోంది. నువ్వన్నదే నిజం. మీ మేడ మీద ఆ కొడవలి చూసిన రోజునే నాకు తెలుసు. అప్పట్నుంచీ ఊరికే నీ నోటెంట మాటలు వినాలని వాదించాను. నువ్వే గెలిచావు. ఎప్పుడో గెలిచావు."

ఎర్కోలె చేతిలోని తక్కెడ ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. "ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు.

"ఎవరు పంపుతారయ్యా. నేనే వచ్చాను."

ఎర్కోలె ఆయన కళ్లల్లోకి చాలాసేపు చూశాడు. నిజమే చెబుతున్నాడని అర్థమయ్యాక అతని మొహం ఇంకా పాడైంది. "ఎవరూ పంపకపోతే ఎందుకు చెప్పావు?" అన్నాడు. "పుస్తకం మీద చెయ్యి పెట్టి నేనేమన్నానో నువ్వు ముందు వరసలో కూర్చుని విన్నావు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"చెప్పు. వెళ్లి నా పేరు చెప్పు. నాకు అక్కర్లేదు ఇంక."

"పో," అన్నాడు ఎర్కోలె. "పో ఇక్కణ్నుంచి."

సెత్తిమియో ఇంటికెళ్లి ఒక సంచిలో రెండు చొక్కాలూ, ఒక దుప్పటీ సర్దుకున్నాడు. దొరాలీచె అడిగితే చెప్పలేదు. గుర్రం చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఎవరూ రాలేదు. ఆకులు రాలాయి, మంచు పడింది, పెద్దలు సమావేశమై ఇంకో ఏడాదికి ఆయన్నే ఉంచుకున్నారు. సంచి విప్పి చొక్కాలు మళ్లీ పెట్టెలో పెట్టేసింది దొరాలీచె. ఎర్కోలె తన్ని కాపాడుతున్నాడని సెత్తిమియో మొదట్లో సంతోషించాడు. క్షమించాడేమోనని కూడా ఆశపడ్డాడు. వీధిలో ఎదురైతే ఎర్కోలె అవతలి వైపుకి మళ్లేవాడు.

ఆ తర్వాతి చలికాలం ఎర్కోలె ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఊరి శ్మశానం గోడవతల, పవిత్రజలం చల్లి దీవించని నేలలో పెట్టారు. గంట కొట్టలేదు. కారణం ఎవరూ పైకి చెప్పలేదు. వారం తిరక్కుండా జినేవ్రా సెత్తిమియో ఇంటికొచ్చింది. నల్ల ముసుగు తియ్యకుండానే పీట మీద కూర్చుంది.

"మిమ్మల్నొక మాట అడుగుదామని వచ్చాను మాస్టారూ. కిందటి ఏడు ఎండాకాలం నుంచీ ఆయన పాప సంకీర్తనానికి సరిగా వెళ్లలేదు. ఈస్టర్‌కి వెళ్లాలి కాబట్టి వెళ్లారు. ప్రసాదం నాలుక మీద పెట్టించుకుని ఇంటికొచ్చి వాంతి చేసుకున్నారు. ఒక పాపం చెప్పకుండా దాచి ప్రసాదం తీసుకున్నాను, నాకు నరకమే అన్నారు. ఏమిటది అంటే చెప్పరు."

సెత్తిమియో ఆమె ముందు నీళ్ల చెంబు పెట్టాడు.

"ఆఖర్న పాదరీ గారొచ్చారు. అన్నీ చెప్పుకోవయ్యా, తేలిగ్గా వెళ్లిపోతావన్నారు. ఈయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ‘ఒకటుంది, అది చెబితే ఇంకొకడు పోతాడు, చెప్పకుండా మీరు నన్ను క్షమించలేరు, వెళ్లండి ఫాదర్’ అన్నారు. ఆయన రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే. సెత్తిమియో మాస్టార్ని పిలవనా అన్నాను నేను. వద్దు, మళ్లీ వాదిస్తాడు అన్నారు." ఆమె ముక్కు చీదుకుంది. "ఏమిటండీ అది? ఆయనకి మీకన్నా దగ్గరివాళ్లు ఎవరున్నారు? మీకు తెలిసే ఉంటుంది."

పొయ్యి దగ్గర దొరాలీచె కదలకుండా నిలబడింది.

"తెలియదమ్మా," అన్నాడు సెత్తిమియో.

జినేవ్రా కొంతసేపు ఆయన మొహం చూసి, లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు.

ఆయన ఆ చలికాలం నడి మంచులో నడుచుకుంటూ పట్నం వెళ్లాడు. పాత విచారణ పాదరీ మారిపోయాడు. కొత్తాయన కుర్రవాడు, జలుబుతో ఉన్నాడు, ముందు బోలెడు కాగితాలు. సెత్తిమియో మోకాళ్ల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. భూమి తిరుగుతుందని తను నమ్ముతున్నాననీ, ఆ మాట తనే ఎర్కోలెతో అన్నాననీ, తన్ని కాపాడటానికే అతను ప్రమాణం తప్పాడనీ. ఆ పాపం తన ఖాతాలో రాసి, అతన్ని గోడ ఇవతలికి తెచ్చి పూడ్చమనీ.

కుర్ర పాదరీ ఆయన్ని లేపి కూర్చోబెట్టాడు. వేడి ద్రాక్షసారా తెప్పించాడు.

"మీరు రోక్కామెల్లా సెత్తిమియో గారు కదా? మీ సాక్ష్యం నేను చదివాను. అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. మీరు నమ్మడమేమిటి?"

"నమ్ముతున్నాను ఫాదర్. అప్పుడు అబద్ధం చెప్పాను."

"ఏం చూసి నమ్మారు?"

సెత్తిమియో శుక్రుడి సంగతి చెప్పాడు. పడవలో పానకం సంగతి చెప్పాడు. చెబుతుంటే తనకే వినపడుతోంది, మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి, వరస లేదు. కదలని భూమి తరఫున ఎన్నడూ తడబడని నాలుక ఇప్పుడు ఎక్కడెక్కడో ఆగిపోతోంది. నక్షత్రాల ప్రశ్న పాదరీయే అడిగాడు. సెత్తిమియో దగ్గర జవాబు లేదు.

"చూశారా," అన్నాడు పాదరీ జాలిగా. "స్నేహితుడు పోయాడు. దిగులు మనిషి చేత ఎన్నో అనిపిస్తుంది. చచ్చినవాడి పాపం నెత్తినేసుకుందామనుకోవడం మంచి మనసే, కానీ మాకు అది పనికిరాదు. ఆయన ఆఖరి మాట ఆయన ఇష్టప్రకారం చెప్పకుండా పోయాడు. దాని మీద ఇక ఎవరికీ అధికారం లేదు, నాకూ లేదు, మీకూ లేదు. ఇంటికి వెళ్లండి. మీ ఊళ్లో ఎవరి దగ్గరా ఇలా అనకండి, నవ్వుతారు."

"నన్ను నమ్మండి ఫాదర్."

"దారిలో మంచు జాస్తిగా ఉంది. మా గాడిదనిచ్చి పంపిస్తాను," అన్నాడు పాదరీ, ఇంకో కాగితం లాక్కుంటూ.

సెత్తిమియో ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. మందుల దుకాణం ఎర్కోలె మేనల్లుడు నడిపాడు. సాయంత్రాలు మళ్లీ జనం చేరడం మొదలుపెట్టారు గానీ, వాదనలు పంటల మీదా, సుంకాల మీదా జరిగేవి. ఎప్పుడైనా మాస్టారు కనిపిస్తే పెద్దవాళ్లు సరదాకి రెచ్చగొట్టేవాళ్లు. ఆయన ఎవరేమన్నా "అవును, అంతే" అని తలూపి వెళ్లిపోయేవాడు. బళ్లో ఖగోళం పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నదే చదివించేవాడు, భూమి మధ్యన ఉంది, కదలదు అని. కళ్లు మసకలయ్యాక అదీ చదవలేకపోతే పెద్దలు సమావేశమై ఇంకొకర్ని పెట్టుకున్నారు.

దొరాలీచె ఆయనకన్నా ముందే పోయింది. ఆఖరి రోజుల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు వంతులేసుకుని గంజి తెచ్చి తాగించేవాళ్లు. చచ్చిపోతే గోడవతల పెట్టమని ఆయన అడిగాడట. ముసలాయన మతి తప్పి ఏదో అంటున్నాడనుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఊరికి అంత సేవ చేసిన మనిషని చర్చిలోనే, పీఠానికి దగ్గరగా, నేలలో రాయి ఎత్తి పెట్టారు.